ఆక్సిటోసిన్ ఎలైసా కిట్: ఏడాది వాడిన తరువాత నా అంచనా

ప్లాస్మాలో, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవంలో, ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఎంత ఉందో కొలవడానికి మా ప్రయోగశాలలో ఒక ఎలైసా కిట్‌ను (ఒక నిర్ణీత అణువును పట్టుకునే యాంటీబాడీ అనే ప్రోటీన్ సాయంతో, రంగును బట్టి కొలిచే సామగ్రిని) ఏడాదికి పైగా వాడుతున్నాను. ఈ కాలంలో రెండు లాట్లకు (తయారీ విడతలకు) చెందిన పదకొండు ప్లేట్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్లాస్మా నుంచి హార్మోన్‌ను ముందుగా వేరుచేసి పోస్తే ఈ కిట్ నమ్మదగిన పని చేస్తుంది. వేరుచేయకుండా ప్లాస్మాను నేరుగా పోస్తే మాత్రం అది చూపే అంకెను ఆక్సిటోసిన్ అని పిలవడానికి వీలు లేదు. కిట్‌తో వచ్చే సూచనల పుస్తకం ఈ తేడాను దాదాపు దాటవేసింది, నా ప్రధానమైన ఫిర్యాదు అదే. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇదే సూత్రం మీద నడిచే కిట్లను వేరే సంస్థలు కూడా అమ్ముతున్నాయి, నేను చెప్పబోయే విషయాల్లో ఎక్కువ భాగం వాటికీ వర్తిస్తుంది.

కిట్ మంచిచెడ్డలు తెలియాలంటే అది పట్టుకోవలసిన అణువు ఎంత చిన్నదో ముందు తెలియాలి. ఆక్సిటోసిన్‌లో ఉన్నవి తొమ్మిది అమైనో ఆమ్లాలు మాత్రమే. ఒకటో స్థానంలోని సిస్టీన్, ఆరో స్థానంలోని సిస్టీన్ గంధకపు బంధంతో ముడిపడి ఒక వలయం ఏర్పడుతుంది. మిగిలిన ప్రోలీన్, లూసీన్, గ్లైసీన్ తోకలాగా బయటికి ఉంటాయి, ఆ తోక చివర అమైడ్ ఉంటుంది. విన్సెంట్ డు విగ్నో 1953లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేశారు, 1955లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వాసోప్రెసిన్ ఈ హార్మోన్‌కు తోబుట్టువు వంటిది: మూడో స్థానంలోనూ ఎనిమిదో స్థానంలోనూ తప్ప మిగిలిన ఏడు చోట్లా రెండింటిలో అవే అమైనో ఆమ్లాలు ఉన్నాయి. వాసోప్రెసిన్ మూత్రపిండాల చేత నీటిని నిలిపిస్తుంది, ఆక్సిటోసిన్ ప్రసవ సమయంలో గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది, తల్లికి పాలు దిగేలా చేస్తుంది. ఇంత దగ్గర పోలిక ఉన్న రెండింటిని యాంటీబాడీ విడదీసి చూడాలి. పైగా మామూలు పరిస్థితుల్లో మిల్లీలీటరు ప్లాస్మాలో ఆక్సిటోసిన్ కొద్ది పికోగ్రాములు మాత్రమే ఉంటుంది. అదే మిల్లీలీటరులో ప్రోటీన్లు 60 నుంచి 80 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. అంటే వెతుకుతున్న వస్తువు కంటే దాని చుట్టూ ఉన్న సరంజామా బరువు దాదాపు వెయ్యి కోట్ల రెట్లు ఎక్కువ. ఈ ఒక్క లెక్కను మనసులో ఉంచుకుంటే తరువాత చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది.

పెద్ద పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) హార్మోన్లను కొలిచేటప్పుడు రెండు యాంటీబాడీలు వాడి, ఒకటి ఒక చివరను, ఇంకొకటి రెండో చివరను పట్టుకునేలా శాండ్‌విచ్ పద్ధతిలో కిట్ తయారుచేయవచ్చు. 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్‌కు, 84 అమైనో ఆమ్లాల పారాథైరాయిడ్ హార్మోన్‌కు అది కుదురుతుంది. తొమ్మిదింటి మీద రెండు యాంటీబాడీలు ఒకేసారి కూర్చోవడానికి చోటు చాలదు. అందువల్ల ఈ కిట్ పోటీ పద్ధతిలో పనిచేస్తుంది. ఎంజైమ్ తగిలించిన ఆక్సిటోసిన్‌ను ఒక నిర్ణీత మోతాదులో వేస్తారు. నమూనాలో ఉన్న ఆక్సిటోసిన్ దానితో పోటీపడి, పరిమితంగా ఉన్న యాంటీబాడీలో తన వాటా తాను తీసుకుంటుంది. నమూనాలో హార్మోన్ ఎక్కువగా ఉంటే ప్లేటుకు అంటుకునే ఎంజైమ్ తగ్గుతుంది, రంగు కూడా తగ్గుతుంది.

ఈ పోటీ సూత్రం సాలమన్ బెర్సన్, రోసలిన్ యాలో అనే శాస్త్రవేత్తలు మనకు ఇచ్చి వెళ్లినది. ఇన్సులిన్ సూదులు తీసుకునే రోగుల రక్తంలో ఆ ఇన్సులిన్‌ను పట్టుకునే యాంటీబాడీలు పుడుతున్నాయని వారు రేడియోధార్మిక అయోడిన్ సహాయంతో కనుగొన్నారు. అంత చిన్న అణువుకు యాంటీబాడీలు పుడతాయంటే అప్పటి శాస్త్ర పత్రికలు ఒప్పుకోలేదు. 1956లో ఆ వ్యాసాన్ని ప్రచురించిన పత్రిక కూడా శీర్షికలో యాంటీబాడీ అన్న మాట ఉండకూడదని పట్టుబట్టింది. ఆ పట్టుకునే గుణాన్నే కొలతకు సాధనంగా మార్చి 1960లో ఇన్సులిన్ రేడియో ఇమ్యునో ఎస్సేను ప్రచురించారు. దాని మీద వారు పేటెంట్ తీసుకోలేదు. బెర్సన్ 1972లో మరణించారు, 1977లో నోబెల్ యాలోకు వచ్చింది. 1971లో రేడియోధార్మికత స్థానంలోకి ఎంజైమ్ వచ్చి ఎలైసా పుట్టింది. నేను పిపెట్ పట్టుకున్న ప్రతిసారీ చేస్తున్నది వారు చేసిన పనే, కాకపోతే రేడియోధార్మికతను లెక్కించే గామా కౌంటర్ బదులు రంగును చదివే యంత్రం ఉంది.

యాంటీబాడీ సంగతికి వస్తాను, కిట్‌కు ప్రాణం అదే. ఇందులో ఉన్నది కుందేలు పాలీక్లోనల్ యాంటీబాడీ, అంటే కుందేలు రక్తం నుంచి తీసిన పలు యాంటీబాడీల మిశ్రమం. ఆక్సిటోసిన్ అంతటి చిన్న పెప్టైడ్‌ను ఒంటరిగా సూది వేస్తే రోగనిరోధక వ్యవస్థ సరిగా పట్టించుకోదు కనుక దాన్ని ఏదో ఒక పెద్ద ప్రోటీన్‌కు అతికించి ఇస్తారు. ఎక్కడ అతికించారన్నది చాలా ముఖ్యం. ఆక్సిటోసిన్‌లో లైసీన్ లేదు, తోక చివర అమైడ్‌తో మూసుకుపోయి ఉంది, కాబట్టి సులువుగా అతికించడానికి దొరికే అమైన్ ఒకటో స్థానంలోని సిస్టీన్‌దే. ఆ వైపు ప్రోటీన్‌కు అతుక్కుపోతే బయటికి కనిపించేది తోక వైపు, పుట్టే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం ఆ తోకనే గుర్తుపడతాయి. తోక ఒక్కటే ఉన్న విరిగిన ముక్కను కూడా అవి ఆక్సిటోసిన్ అనే అనుకోవచ్చు. అతికింపు వేరే రకంగా జరిగి ఉంటే యాంటీబాడీ చూపు కూడా వేరుగా ఉంటుంది. ఇంత ముఖ్యమైన సమాచారం గురించి సూచనల పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేదు.

పెట్టె తెరిచిన తరువాత పని మాత్రం చక్కగా సాగుతుంది. 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటు, ఎండబెట్టిన స్టాండర్డ్ (పోల్చడానికి తెలిసిన మోతాదులో ఉండే ఆక్సిటోసిన్), పెరాక్సిడేజ్ ఎంజైమ్ తగిలించిన ఆక్సిటోసిన్, యాంటీబాడీ, బఫర్లు అన్నీ వేర్వేరు రంగుల మూతలతో వస్తాయి, ఒకదాని బదులు ఇంకొకటి తీసే ప్రమాదం తక్కువ. సాయంత్రం అన్నీ పోసి, ప్లేటును మూసి, రాత్రంతా 4 డిగ్రీల చలిలో ఉంచాలి. ఉదయం కడిగి రంగు పుట్టించే ద్రావణం పోసిన తరువాత జరిగేది ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. ముందు హార్మోన్ వేయని వెల్స్‌లో సన్నని నీలిపొర అడుగున కనిపిస్తుంది. కొద్ది నిమిషాల్లో అవి ముదురు నీలమవుతాయి, వాటి పక్కన ఒక్కొక్క స్టాండర్డ్ ఒక్కొక్క మెట్టు వెలిసి, వెయ్యి పికోగ్రాముల వెల్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు నీళ్లలా ఉంటుంది. ఆమ్లం పోయగానే ఆ నీలమంతా ఒక్కసారి పసుపుగా మారుతుంది. యంత్రంలో పెట్టక ముందే ఆ మెట్లు సమంగా దిగాయో లేదో కంటికి తెలిసిపోతుంది. జంట వెల్స్ మధ్య తేడా తక్కువగానే ఉంది, ఈ విషయంలో కిట్‌కు పూర్తి మార్కులు ఇస్తాను. ఒక చిన్న హెచ్చరిక: నమూనా చెడిపోకుండా సోడియం అజైడ్ కలిపి దాచే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అజైడ్ పెరాక్సిడేజ్‌ను పనిచేయనివ్వదు, అటువంటి నమూనాలను ఈ కిట్‌లో వాడకూడదు.

అసలు చిక్కు మొదటి ప్లేటులోనే బయటపడింది. ప్లాస్మాను నాలుగు రెట్లు పలుచన చేసి నేరుగా పోయవచ్చని, శుద్ధి చేయడం మన ఇష్టమని పుస్తకంలో ఉంది. అలాగే చేశాను. ఒక నమూనాకు మిల్లీలీటరుకు 320 పికోగ్రాములు వచ్చింది. ప్రసవ సమయం కాదు, మందు ఇచ్చినది కాదు. అంత ఎక్కువ ఎందుకు ఉండాలో అర్థం కాలేదు. అదే ప్లాస్మాను ఎనిమిది రెట్లు పలుచన చేస్తే లెక్క 496 అయింది, పదహారు రెట్లు చేస్తే 720 అయింది. కొలుస్తున్నది నిజంగా ఆక్సిటోసిన్ మాత్రమే అయితే ఎన్ని రెట్లు పలుచన చేసి ఎన్నిరెట్లతో గుణించినా ఒకే అంకె రావాలి. పలుచన చేసిన కొద్దీ పెరుగుతూ పోయిందంటే స్టాండర్డ్‌ల రంగును బట్టి గీసిన స్టాండర్డ్ గీత, నమూనా గీత సమాంతరంగా లేవని, యాంటీబాడీకి, ఎంజైమ్‌కు మధ్య ప్లాస్మాలోని మరేదో అడ్డుపడుతోందని అర్థం. పోటీ పద్ధతిలో ఇదొక పెద్ద బలహీనత: రంగును తగ్గించేది ఏదైనా సరే, యంత్రం దానిని హార్మోన్‌గానే లెక్కవేస్తుంది. ఇంకొక విషయం గమనించాలి. ఈ కిట్‌లో అన్నిటికంటే చిన్న స్టాండర్డ్ సుమారు 16 పికోగ్రాములు. మామూలు ప్లాస్మాలో ఉండే కొద్ది పికోగ్రాములను మళ్లీ నాలుగు రెట్లు పలుచన చేస్తే నిజమైన ఆక్సిటోసిన్ ఈ గీత మీదికి రానే రాదు. కాబట్టి నేరుగా పోసినప్పుడు కనిపించినది హార్మోన్ అయి ఉండే అవకాశం చాలా తక్కువ.

ఆ తరువాత సీ18 కార్ట్రిడ్జ్‌తో (పెప్టైడ్‌లను పట్టి ఉంచే పొడి నింపిన చిన్న గొట్టంతో) శుద్ధి చేయడం మొదలుపెట్టాను. ప్లాస్మాలో కొద్దిగా ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లం కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, తేటను ముందుగా తడిపి ఉంచిన కార్ట్రిడ్జ్ గుండా చుక్కచుక్కగా వదలాలి. పెప్టైడ్ అందులో నిలుస్తుంది, ఉప్పులు, ప్రోటీన్లలో చాలా భాగం వెళ్లిపోతాయి. ఎసిటోనైట్రైల్ పోసి హార్మోన్‌ను దించి, పూర్తిగా ఎండబెట్టి, కిట్ బఫర్‌లో కలపాలి. రెండు మిల్లీలీటర్ల ప్లాస్మాతో మొదలుపెట్టి చివరకు పావు మిల్లీలీటరులో కలిపితే ఎనిమిది రెట్లు గాఢత వస్తుంది, అంకె స్టాండర్డ్ గీత లోపలికి చేరుతుంది. 320 అని చూపిన నమూనా ఈసారి వెల్‌లో 34 చదివింది, ఎనిమిదితో భాగిస్తే నాలుగు పికోగ్రాములకు కొద్దిగా ఎక్కువ. పలుచన చేసి చూసినప్పుడు అంకె నిలకడగా ఉంది. తెలిసిన మోతాదు ఆక్సిటోసిన్ కలిపిన ప్లాస్మాను ఇదే దారిలో పంపితే నూటికి 85 పాళ్లు తిరిగి దక్కింది. రెండు పద్ధతుల మధ్య వచ్చినది చిన్న తేడా కాదు, డెబ్భై రెట్లకు పైగా. శుద్ధి చేయని నమూనాలు చాలా పెద్ద అంకెలు ఇస్తాయని ఈ రంగంలో పనిచేసేవారు ఎందరో ఇంతకు ముందే చూపించారు, కాబట్టి ఇది నా చేతి పొరపాటు వల్ల వచ్చినది కాదని కొంత నిబ్బరంగా చెప్పగలను.

ఇక్కడ ఎదుటి వాదనను కూడా చెప్పడం న్యాయం. రక్తంలోని ఆక్సిటోసిన్‌లో చాలా భాగం ప్రోటీన్లకు అంటుకుని ఉంటుందని, శుద్ధి చేసేటప్పుడు ఆ భాగాన్ని పారబోస్తున్నామని, పెద్ద అంకెలోనే నిజం ఉండవచ్చని కొందరు పరిశోధకులు అంటారు. ఆ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. అయితే అది నిజమే అయినా, పలుచన చేస్తే మారిపోయే అంకె ఆ అంటుకున్న భాగాన్ని కూడా సరిగా కొలవడం లేదు. అంటుకున్నదాన్ని విడదీసి కొలిచే పద్ధతి వేరే ఉండాలి, ప్లాస్మాను నేరుగా పోయడం దానికి బదులు కాదు.

శుద్ధి చేసేటప్పుడు నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే పుస్తకం హెచ్చరించి ఉంటే ఒక ప్లేటు మిగిలేది. ఒకసారి గొట్టాలు ఎండినట్టే కనిపించాయి, తొందరలో బఫర్ కలిపేశాను. ఆ రోజు ప్లాస్మాకు బదులు వట్టి నీళ్లు పంపిన గొట్టం కూడా 50 పికోగ్రాములకు పైగా చూపింది. నీళ్లలో హార్మోన్ ఎక్కడిది? గొట్టం అడుగున మిగిలిన ఆమ్లం బఫర్‌ను పుల్లగా మార్చి, యాంటీబాడీ పట్టును సడలించింది, రంగు తగ్గింది, యంత్రం దాన్ని ఆక్సిటోసిన్‌గా లెక్కవేసింది. పీహెచ్ కాగితం ముంచి చూసేసరికి సంగతి తేలింది. అప్పటినుంచి ప్రతి ప్లేటులోనూ నీళ్ల గొట్టం ఒకటి తప్పనిసరిగా పెడుతున్నాను. ఆ ఒక్క వెల్ లేకపోయి ఉంటే ఆ రోజు అంకెలన్నిటినీ నిజమని నమ్మేవాడిని.

వాసోప్రెసిన్‌ను వేరు చేయడంలో యాంటీబాడీ మాట నిలబెట్టుకుంది. శుద్ధమైన వాసోప్రెసిన్‌ను పెద్ద మోతాదులో పోసినా రంగు దాదాపు కదలలేదు. కానీ పుస్తకంలోని క్రాస్ రియాక్టివిటీ పట్టికలో (యాంటీబాడీ వేరే అణువులను ఎంత పట్టుకుంటుందో చెప్పే పట్టికలో) ఉన్నవన్నీ కొనడానికి సులువుగా దొరికే పెప్టైడ్‌లే. ఆక్సిటోసిన్ విరిగినప్పుడు వచ్చే ముక్కలు లేవు, తోక చివర ఇంకా కత్తిరింపు పూర్తికాని, గ్లైసీన్‌తో పొడవైన పూర్వరూపాలు లేవు. యాంటీబాడీతో హార్మోన్లను కొలిచేవారికి ఈ బాధ కొత్త కాదు. గ్లూకగాన్ హార్మోన్‌లోని 29 అమైనో ఆమ్లాలు అంతకంటే పొడవైన గ్లైసెంటిన్, ఆక్సింటోమాడ్యులిన్ అనే పెప్టైడ్‌లలోనూ పూర్తిగా ఉన్నాయి; నడిమి భాగాన్ని చూసే యాంటీబాడీకి మూడూ ఒకటే. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో పేరుకునే పారాథైరాయిడ్ హార్మోన్ ముక్కలను పూర్తి హార్మోన్ కొలుస్తామన్న పరీక్షలే లెక్కలో కలుపుకున్న సంగతి వైద్యులకు తెలుసు. జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్ ముందు చివర రెండు అమైనో ఆమ్లాలు తెగిపోతే హార్మోన్ పని పోతుంది, తోక వైపు చూసే యాంటీబాడీకి ఆ తేడా తెలియదు. అందుకే పట్టికలో ఏముంది అన్నదానికంటే ఏది లేదు అన్నది ముందు చూడమని నా సహచరులకు చెబుతుంటాను.

రెండో లాట్ వచ్చినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. ఒకే ప్లాస్మా మిశ్రమాన్ని శుద్ధి చేసి, చిన్న చిన్న గొట్టాల్లో మైనస్ 80 డిగ్రీల్లో దాచి, ప్రతి ప్లేటులోనూ ఒక గొట్టం వాడుతున్నాను. మొదటి లాట్‌లో అది 42 దగ్గర తిరిగేది, రెండో లాట్‌లో 57 అయింది. తయారీదారు సాంకేతిక విభాగానికి వివరంగా రాస్తే, రెండు లాట్లూ తమ పరిమితుల్లోనే ఉన్నాయని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. వారి పరిమితుల్లో ఉండవచ్చు, కానీ సగం నమూనాలు ఒక లాట్‌తో, సగం ఇంకొక లాట్‌తో కొలిచిన అధ్యయనంలో ఆ తేడా మనుషుల మధ్య తేడాగా అచ్చులోకి ఎక్కుతుంది. పాలీక్లోనల్‌తో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది: కుందేలు మారినా, అదే కుందేలు నుంచి వేరే నెలలో రక్తం తీసినా యాంటీబాడీల కలగలుపు మారుతుంది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు హైబ్రిడోమాను (యాంటీబాడీ తయారుచేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపే పద్ధతిని) కనుగొన్న తరువాత ఒకే యాంటీబాడీని ఎన్నాళ్లైనా తయారుచేసుకునే వీలు ఏర్పడింది, ఇప్పుడు అమైనో ఆమ్లాల వరుస తెలిసిన రీకాంబినెంట్ యాంటీబాడీలు కూడా ఉన్నాయి. చిన్న పెప్టైడ్‌లను గట్టిగా పట్టడంలో మంచి కుందేలు సీరం చాలా సమర్థమైనదని నేనూ ఒప్పుకుంటాను, అయినా లాట్ మారిన సంగతి, ఎంత మారిందన్న కొలత పెట్టె మీద రాసి ఇవ్వడం వారి బాధ్యత. ఈ కిట్ కొనేవారు ఒక అధ్యయనానికి కావలసిన ప్లేట్లన్నీ ఒకే లాట్ నుంచి తెప్పించుకోవాలి.

నమ్మకం కోసం ఎనిమిది నమూనాలను మాస్ స్పెక్ట్రోమెట్రీ చేసే వేరొక ప్రయోగశాలకు పంపాం. అక్కడ అణువును బరువును బట్టి గుర్తుపడతారు కనుక యాంటీబాడీ పొరపాట్లకు తావు లేదు. శుద్ధి చేసి మేము కొలిచిన అంకెలు, వారి అంకెలు ఒకే వరుసలో నడిచాయి, మావి కొద్దిగా ఎక్కువ. శుద్ధి చేయని అంకెలకు వారి అంకెలతో పొంతనే లేదు. అందరికీ ఆ యంత్రం అందుబాటులో ఉండదు, ప్రతి నమూనాకూ అది అక్కరలేదు, కాని కొన్నిటినైనా అలా సరిచూసుకోవడం మంచిది. నమూనాల్లో లాలాజలం కూడా పనికివస్తుందని పుస్తకం అంటుంది. నేను దాన్ని సిఫారసు చేయను. గర్భిణుల రక్తంలో మాయ నుంచి వచ్చే ఆక్సిటోసినేజ్ ఎంజైమ్ హార్మోన్‌ను విరగ్గొడుతుంది కనుక వారి నమూనాలను చల్లని గొట్టాల్లోకి, ఎంజైమ్‌ను అడ్డుకునే మందుతో తీసుకోవాలి.

ఇదే సంస్థ ఈ యాంటీబాడీని కణజాలాన్ని రంగు వేసి చూడటానికి విడిగా కూడా అమ్ముతుంది. దాన్ని ఎలుక మెదడు ముక్కల మీద వాడాను, ఇక్కడ నాకు చెప్పుకోదగిన ఫిర్యాదు లేదు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో పారావెంట్రిక్యులర్, సుప్రాఆప్టిక్ కేంద్రకాల్లో (నాడీకణాల గుంపుల్లో) పెద్ద కణాలు నల్లని నేపథ్యంలో స్పష్టంగా వెలిగాయి. వాటి పోగులు పూసల దండల్లా పిట్యూటరీ గ్రంథి దిశగా సాగడం కూడా కనిపించింది. యాంటీబాడీలో ముందే ఆక్సిటోసిన్ కలిపి రాత్రంతా ఉంచి వాడితే వెలుగు పూర్తిగా పోయింది, వాసోప్రెసిన్ కలిపి ఉంచితే చెక్కుచెదరలేదు. ఈ పరీక్ష కూడా ఎవరికి వారే చేసుకోవాలి. వీలున్నవారు బ్రాటిల్‌బొరో ఎలుకల ముక్కల మీద చూస్తే ఇంకా మంచిది: జన్యువులో ఒక్క అక్షరం లోపించి వాటిలో వాసోప్రెసిన్ తయారు కాదు, ఆక్సిటోసిన్ కణాలు మాత్రం మామూలుగా ఉంటాయి, కాబట్టి అక్కడ వెలిగినదాన్ని వాసోప్రెసిన్ అని అనుమానించే పని ఉండదు.

శుద్ధి చేసే ఓపిక, అందుకు చాలినంత ప్లాస్మా ఉన్నవారికి ఈ కిట్‌ను సిఫారసు చేస్తాను. నమూనా కొద్ది మైక్రోలీటర్లే ఉన్నవారు, ఒక్క రోజులో వందల నమూనాలు నేరుగా పోసి ముగించాలనుకునేవారు దీన్ని కొనవద్దు. యాంటీబాడీని పుట్టించడానికి ఆక్సిటోసిన్‌ను ఏ ప్రోటీన్‌కు, ఏ చివర అతికించారో చెప్పమని తయారీదారును రెండుసార్లు అడిగాను. మొదటి ఉత్తరానికి జవాబు లేదు, రెండోదానికి అది వ్యాపార రహస్యమని వచ్చింది. తోక భాగంలోని మూడు అమైనో ఆమ్లాల ముక్కను, వలయం వరకే ఉన్న ముక్కను విడివిడిగా తయారుచేయించి తెప్పించాను. వచ్చే ప్లేటులో పోటీకి వాటిని పోసి, యాంటీబాడీ ఏ వైపు చూస్తోందో నేనే తేల్చుకుంటాను.